నల్లమల కాలిబాటను గూర్చి మంత్రివర్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర దేవాదాయ ధర్మాదాయ శాఖామాత్యులకును, అటవీ శాఖామాత్యులకును,

ఆర్యులారా,

నంద్యాల జిల్లా ఆత్మకూరు చెంతనున్న వేంకటాపురమున మొదలై, నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారముల మీదుగా నల్లమలను దాటి శ్రీశైలమును చేరు కాలిబాటను గూర్చి మీ యిరువురకును ఒక్క లేఖయందే విన్నవించుకొనుట కొక కారణము కలదు. ఆ బాట సాగు అడవి యొకరి పాలనలో నున్నది. ఆ బాట చేర్చు దేవళము మఱియొకరి పాలనలో నున్నది. మహాశివరాత్రికిని ఉగాదికిని ముందు, వేలకువేల పాదములు దానిపై సాగు కొలది దినములలో, ఉభయ శాఖల సిబ్బందియు అచ్చట కలిసి పనిచేయుదురు. ఆ కలయిక సంవత్సరము పొడుగునను నిలువవలెననియు, ఆ బాటను క్షేత్రములో భాగముగా నెంచి గుడికి చేయు రక్షణమునే దానికిని చేయవలెననియు నా మనవి. తక్కిన లేఖ యంతయు ఈ మనవికి వివరణము.

శ్రీశైలమునకు త్రిపురాంతకము, సిద్ధవటము, అలంపురము, ఉమామహేశ్వరము అను నాలుగు ద్వారములను మన పూర్వులు నాలుగు దిక్కుల నిలిపిరి. గుడి కొండ నడుమ నుండగా దాని వాకిళ్ళను అన్ని ఆమడల దూరమున నిలుపుటలో వారి భావము సుస్పష్టము: యాత్రికుడు ఆ వాకిలి దాటినది మొదలు దేవుని యింటనే యున్నవాడు. పదమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున ఒక ప్రకరణము నంతటిని ఈ పర్వతమునకే కేటాయించి, శివరాత్రికై తరలివచ్చు భక్తజనమును అందు కన్నులకు గట్టెను. తరువాతి శతాబ్దమున రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెను; 1393లో విజయనగరాధీశుడైన రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించెను. గోపురమెత్తించిన ప్రభువులు మన చరిత్రలో ననేకులు కలరు. నడచువాని పాదము క్రింద రాయి పరపించిన వారి ఔదార్యము ఆ గోపురములకంటె ఎంతమాత్రమును తక్కువది కాదు. 1830 మే 18న చెన్నపట్టణము విడిచి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు దారిలో శ్రీశైలమును సేవింపబోయినప్పుడు ఆత్మకూరునుండి ఈ మజిలీల మీదుగానే సాగిరి. నేడు ఆ యాత్రను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథమును చేతబట్టుకొని ఆ దారిన నడచువానికి నాగలూటియు, పెద్దచెరువును, భీముని కొలనును అవే పేళ్ళతో ఎదురగును. మోటారు బండ్లకు ఘాటురోడ్లు ఏర్పడిన పిదప మన తెలుగువారిలో ననేకులు ఈ బాటను మఱచిరి. కన్నడ దేశపు యాత్రికులు మాత్రము మఱవలేదు.

ఉత్తర కర్ణాటకమునుండియు, దాని నానుకొనిన మహారాష్ట్ర సీమనుండియు, ఉగాదికి శ్రీశైలమును చేరవలెనని ఏటేట వచ్చు ఆ జనము, ఇల్లు విడిచినది మొదలు వందల కిలోమీటర్లు నడచి, కర్నూలు నేల మీదుగా ఆత్మకూరునకు వత్తురు. వారికి మల్లికార్జునుడు మల్లయ్య. భ్రమరాంబ వారి యింటి ఆడపడుచు. పుట్టినింటివారు పండుగకు కూతురి కిచ్చునట్లు చీరయు, రవికెయు, పసుపు కుంకుమలును, గాజులును మూటగట్టి తెత్తురు. పన్నెండవ శతాబ్దమున అక్క మహాదేవి రాచకొలువును విడిచి, కల్యాణ నగరమున శివశరణుల గోష్ఠిలో నిలిచి, తుదకు చెన్నమల్లికార్జునుని వెదకుచు చేరినది ఈ కొండనే. ఆమె వచనములను నోట పలుకు జాతికి ఈ బాట నడుచుట వినోదయాత్ర గాదు. ఇక నల్లమలలో పుట్టి పెరిగిన చెంచులో, స్వామి తమ గూడెపు పిల్లను పెండ్లాడెనని చెప్పి, ఆయనను చెంచు మల్లయ్య యనియు, తమ అల్లుడనియు చనువుతో పిలుచుకొందురు. ఒక దేవునితో ఇరుజాతులు వియ్యమందిన చోటు ఈ అడవి. ఆ చుట్టరికము నేటికిని మాటలాడుకొను తావు ఈ బాట.

ఆ బాటపై ఒక దినపు నడక ఎట్టిదో మీకు చెప్పవలయును. పటముపై గీచిన గీతగా మాత్రమే చూచువానికి దాని విలువ బోధపడదు. ఫాల్గుణ బహుళపక్షమున, ఉగాదికి ముందటి దినములలో, కన్నడ యాత్రికుల గుంపుతో కూడి నేను పెద్దచెరువునుండి శ్రీశైలమునకు నడచితిని. ఆ ప్రాంతమువారు పెచ్చెరువని పిలుచు ఆ మజిలీలో చెరువును, దానికి చేరువగా చెంచుగూడెమును కలవు. రాత్రి యంతయు చెట్లక్రింద దుప్పట్లు పఱచుకొని పరుండినవారు, తూర్పున సన్నని నెలవంక పొడచూపునంతలోనే లేచి, ముఖములు కడిగికొని, నొసట విభూతి నలదికొని, ఎండిన జొన్నరొట్టెలను వేరుసెనగ కారముతో కొఱికికొనుచు మూటలు సర్దుకొనిరి. అలంకరించిన కంబిని భుజమున నెత్తుకొన్నవారు ముందు నడచిరి. వారి వెనుక స్త్రీలును, పిల్లలును, వృద్ధులును వరుసగట్టిరి. మ్రొక్కుబడి కలవాడొకడు కఱ్ఱకాళ్ళపై నిలిచి, ఆ ఱాళ్ళదారిని అడుగు తడబడక సాగుచుండెను. పాదములకు బొబ్బలెక్కినవారు గుడ్డపీలికలు చుట్టుకొనిరే కాని వెనుకబడుటకు అంగీకరింపలేదు. వందలాది జనులు నడచుచున్నను వారి మాటల సవ్వడి అడవిలో ఇంకిపోవుచుండెను. మల్లయ్యా యను పిలుపు ఒకచోట పుట్టి, గుంపునుండి గుంపునకు ప్రాకి, ఎంతో దూరమున మలుపు దాటినవారి గొంతున మరల వినవచ్చుచుండెను.

మఠంబావి దాటుసరికి పొద్దు పొడిచెను. ఆకు రాల్చిన టేకుచెట్ల నడుమ మోదుగలు నిండుగ పూచియుండెను. ఇప్పపూలు రాలిన చోట్ల తీపి వాసన గాలిని నింపుచుండగా, చెంచుస్త్రీలు వంగి ఆ పూలను గంపల కెత్తుకొనుచుండిరి. నల్లమద్ది బోదెలును, తునికి పొదలును, వెదురు గుబురులును దారికి ఇరువైపుల తోడు వచ్చెను. ఆ నడకలో గంటలు గడచినకొలది మనస్సునకు పట్టిన పనులును పగలును ఒక్కొక్కటిగ జాఱిపోయి, తుదకు మిగులునవి మూడే: దప్పిక, నీడ, ముందున్నవాని మడమ. తక్కిన సమయమున ఎంత చదివినను రాని వినయము, అంత దీర్ఘమైన దారియందు శరీరమే మనస్సునకు నేర్పును. ఆస్తియు విద్యయు కలవాడును, కూలినాలి చేసికొనువాడును ఒకే చెట్టునీడకు చేరి, ఒకే కుండలోని నీటికి దోసిలి పట్టి, ఒకరి నొకరు స్వామీ యని పిలుచుకొనుట నేనచ్చట కంటిని. గుంపులో నొక ముదుసలి చేత పసుపుబట్టలో చుట్టిన చీర కలదు. తోడివారు దానిని మోసిపెట్టెదమన్నను ఆమె యీయలేదు. కూతురి యింటికి పోవునప్పుడు సారెను తల్లియే మోయవలెనని ఆమె సమాధానము.

ఎండ ముదిరిన వేళకు భీముని కొలను చేరితిమి. అచ్చట కొండ నిట్టనిలువుగ చీలి లోయ యేర్పడినది. బాట మెట్లుమెట్లుగ ఆ లోయ యడుగునకు దిగి, వాగును దాటి, ఆవలి గట్టున మరల మెట్లుగానే కైలాసద్వారము వఱకు ఎక్కును. దినమంతటిలో మనుష్యుని పరీక్షించు తావు అదియే. శతాబ్దుల పాదముల రాపిడికి అంచులు నునుపెక్కిన ఆ రాతిమెట్లపై జనులు పది యడుగులు వేయుదురు, నిలుతురు, మోకాళ్ళపై చేతులూని ఊపిరి పీల్చుకొందురు, మరల పది యడుగులు వేయుదురు. అలసిన తల్లి చేతినుండి బిడ్డను ఎవరో ముందు వెనుకలు తెలియనివారు అందుకొని పైకి చేర్తురు. పైకెక్కినవాడు తన చేతికఱ్ఱను క్రింది వానికి చాచును. కైలాసద్వారమున నిలిచి వెనుకకు చూచినవానికి, తాను దాటివచ్చిన అడవి యంతయు ఆకాశపు టంచువఱకు పఱచుకొని కనుపించును. అచ్చటినుండి నేల చదునై, హాటకేశ్వరము మీదుగా పొద్దు గ్రుంకులోపల శ్రీశైలము చేరవచ్చును.

శ్రీశైలమున అనాదిగా ధూళి దర్శనమను ఆచారము కలదు. అంత దూరమునుండి వచ్చినవాడు స్నానమునకు ఆగక, కాళ్ళ దుమ్ముతోనే ముందుగ స్వామిని దర్శింపవచ్చునని ఆ ఆచారము పలుకును. శుచియు మడియు ప్రాణముగా నెంచిన మన దేవళములలో ఇంతటి మన్నింపు సామాన్యమైనది కాదు. నడచివచ్చినవాని దుమ్మును దేవుడు మైలగా నెంచలేదు. ఆ బాట మన్ను గర్భగుడి గడప దాటి లోపలి కేగుటకు అర్హమయ్యెను. మంత్రివర్యులారా, బాట క్షేత్రములో భాగమని నేను చెప్పుచున్నది క్రొత్త సిద్ధాంతము కాదు. ఆ ఆచారమును ఏర్పఱచిన పెద్దలు ఏనాడో అంగీకరించిన సత్యము.

ఇట్టి బాటకు నేడు రెండు వైపులనుండి రెండు అభిప్రాయములు ఎదురగుచున్నవి. యాత్రికులకు ఇంత కష్టమేల, దారిని వెడల్పు చేసి, సిమెంటు పోసి, వాహనములు పోవునట్లు చేయవచ్చును గదా యని కొందఱందురు. వారి జాలి మెచ్చదగినదే. కాని వాహనములలో వచ్చువారికి దోర్నాలనుండి ఘాటురోడ్డు ఎట్లును కలదు. ఈ బాటకు వచ్చువారు నడచుటకే వచ్చుచున్నారు. మెట్లను పడగొట్టి రోడ్డు పరచినచో వారికి మేలు చేసినట్లు కాదు. వారు కోరివచ్చినదానిని వారినుండి లాగికొన్నట్లగును. ఇది పులుల అడవి గనుక బాటను పూర్తిగ మూసివేయవలెనని మఱికొందఱందురు. వారి మాటను తేలికగా త్రోసిపుచ్చరాదు. 1983లో ప్రాజెక్టు టైగరు క్రిందికి వచ్చిన ఈ నాగార్జునసాగర్–శ్రీశైలం రక్షిత ప్రాంతము, నేడు 3,700 చదరపు కిలోమీటర్లకు మించి, దేశములోని పులుల రక్షిత ప్రాంతములలో మిక్కిలి విశాలమైనది. దానిలోని ప్రతి వాగును, ప్రతి పొదయు ఏదో యొక ప్రాణికి ఇల్లే. అయినను, పులులు ఇంకను ఇచ్చట బ్రదికియుండుటకు ఈ అడవిని దేవుని అడవిగా నెంచిన జనుల భయభక్తులును ఒక కారణమని నా విశ్వాసము. ఏటికి కొలది దినములు, పగటివేళ, నియమబద్ధముగ నడచిపోవు భక్తుడు అడవికి శత్రువు కానక్కఱలేదు. వానిని మిత్రునిగ మార్చుకొనుట మీ చేతిలోని పని.

ఆ మార్పునకు అడ్డు వచ్చుచున్న వానిలో మొదటిది ప్లాస్టిక్కు. దప్పిక తీర్చవలెనను సత్సంకల్పముతోనే దాతలు నీళ్ళ ప్యాకెట్లను, సీసాలను పంచుదురు. అన్నదానము చేయువారు పలుచని పళ్ళెములలో వడ్డింతురు. తీసికొన్నవారు పది యడుగులు వేసి వానిని దారిప్రక్క విడుతురు. ఉప్పును అన్నపు వాసనయు అంటిన ఆ తొడుగులను దుప్పులును కణుతులును మేసినచో వాని కడుపున అవి అరుగవు. పుణ్యమునకై చేసిన దానము ఒక మూగజీవికి మృత్యువగుట ఏ దాతకును సమ్మతము కాదు. రెండవది నిప్పు. ఫాల్గుణ చైత్రములలో అడవి నేలయంతయు ఎండుటాకులు. వెదురు ఎండి పెళపెళలాడుచుండును. వంటకై పేర్చిన మూడురాళ్ళ పొయ్యిని చల్లార్పక లేచిపోయినను, బీడీముక్కను విసరినను, చెట్టు మొదట కర్పూరము వెలిగించి విడిచినను, మంట నేలబారున ప్రాకి ఏ పక్షి గూటినైనను, ఏ పిల్ల మొలకనైనను మ్రింగివేయగలదు.

కావున మీ ఉభయులకును నా ప్రార్థనలివి. మెట్లను, దారిలోని మంటపములను, నాగలూటి వీరభద్రస్వామి గుడిని, దాని చెంతనున్న పాతబావిని పురావస్తు నిపుణుల పర్యవేక్షణమున రాతితోనే మరమ్మతు చేయింపుడు. కదలిన రాయిని దాని చోటనే నిలుపుడు, సిమెంటు పూతతో ఆ పనితనమును కప్పివేయకుడు. నీటికై ప్రతి మజిలీయందును, మజిలీల నడుమ నీడగల తావులందును చలివేంద్రములు నెలకొల్పి, కుండలలోనో తొట్లలోనో నీరు నింపి, యాత్రికుడు తన చెంబుతోనో గ్లాసుతోనో త్రాగునట్లు చేయుడు. వేంకటాపురమున అడవిలోనికి ప్రవేశించునప్పుడు యాత్రికుని వద్దనున్న ప్లాస్టిక్కు వస్తువులను లెక్కించి, చీటీ యిచ్చి, స్వల్పమైన పైకము ధరావతుగా తీసికొని, కైలాసద్వారమున ఆ వస్తువులను చూపినంతనే తిరిగి చెల్లించు ఏర్పాటు కష్టమైనది కాదు. అన్నదానము చేయగోరు దాతలకు మజిలీలలో స్థలము నిర్ణయించి, వంట అచ్చటనే, విస్తళ్ళలోనే వడ్డన అను నియమమును ఉత్సవములకు ముందుగనే తెలుపుడు. మంటకు మాత్రము మజిలీలు దాటి ఎచ్చటను అనుమతి వలదు. మరుగుదొడ్లు లేక స్త్రీలు పడు అవస్థ చెప్పనలవి కాదు. తాత్కాలికముగ నైనను వానిని తగినన్ని నిలిపి, ఉత్సవానంతరము ఆనవాలు మిగులకుండ తొలగింపుడు.

దారిలో నిలుపు పలకలపై తెలుగుతో పాటు కన్నడమును మరాఠీయు వ్రాయింపుడు. ఈ బాట నడచువారిలో అధికులు చదువగలవి ఆ లిపులే. తరువాతి నీరు ఎంత దూరమో, మెట్లదారి ఎచ్చట మొదలగునో, చీకటిపడిన పిమ్మట ఏ తావు దాటరాదో వారికి తమ భాషలో తెలిసినచో, సిబ్బంది వందమార్లు గొంతెత్తి అరువనక్కఱ యుండదు. ఎండదెబ్బ తగిలినవారిని లోయనుండి పైకి చేర్చుటకు భీముని కొలను చెంత వైద్యుడును, డోలీలును సిద్ధముగ నుండవలెను. ఆ మెట్లమీద వేరు వాహనమేదియు సాగదు గదా.

నా ప్రార్థనలలో నేను మిక్కిలి ముఖ్యముగ నెంచునది చెంచులను గూర్చినది. ఈ అడవిలో ఏ వాగు ఏ నెలలో ఎండునో, ఏ చరియ ఎప్పుడు జాఱునో, ఎలుగుబంటి ఏ దారిని వచ్చునో వారికంటె ఎఱిగినవారు లేరు. అటవీశాఖ ఇప్పటికే చెంచు యువకులను పులుల జాడ తీయు పనియందు నియోగించియున్నది. ఆ మేలైన మార్గమునే విస్తరించి, పెద్దచెరువు మొదలైన గూడెముల వారిని ఈ బాటకు ఏడాది పొడుగునను రక్షకులుగ, జీతము మీద, గౌరవముతో నియమింపుడు. మెట్ల సందున మొలచిన మొక్కను తొలగించుట, ఎండుటాకును దారినుండి ఊడ్చుట, చలివేంద్రము నడుపుట, యాత్రికులకు త్రోవ చూపుట వారి బాధ్యతలు కావలెను. వారు సేకరించు తేనెయు తక్కిన అటవీ ఫలములును గిరిజన సహకార సంస్థ ద్వారా మజిలీలలో సరియైన ధరకు అమ్ముడుపోవలెను. స్వామిని అల్లుడని పిలుచుకొను జాతి, ఆ స్వామి యుత్సవపు దినములలో దారిప్రక్క చేయిచాచి నిలుచుట మనకు శోభ కాదు. ఆతిథ్యమిచ్చు ఇంటివారుగనే వారు నిలువవలెను.

వీనికి అపారమైన ధనము అవసరమని నేను తలపను. ఆత్మకూరు, వేంకటాపురము గ్రామములవారు ఏటేట తమంతట తాము పందిళ్ళు వేసి, మజ్జిగ పోసి, పరభాషా యాత్రికుల పాదములకు నూనె రాచి పంపుచున్నారు. కన్నడ దేశపు సేవాసంఘములు బండ్లనిండ బియ్యమును పప్పును తెచ్చుకొని వండి వడ్డించుచున్నవి. శ్రద్ధయు శ్రమయు ఇంత సమృద్ధిగ నున్నచోట లోపించినది వానిని ఒక్క త్రాటిపైకి తెచ్చు ప్రణాళిక మాత్రమే. దానిని సమకూర్చు అధికారము మీ యిరువురి సంతకములందున్నది.

కాబట్టి రాబోవు శివరాత్రికి కనీసము మూడు మాసములు ముందుగ, ఆత్మకూరున ఒక సమావేశము పిలువుడు. దేవస్థానపు అధికారులు, అటవీ అధికారులు, చెంచుగూడెముల పెద్దలు, కన్నడ యాత్రా సంఘముల ప్రతినిధులు, అన్నదాతలు అందు సమానాసనములపై కూర్చుండవలెను. వారి చర్చలనుండి ఈ బాటకు ఒక శాశ్వతమైన రక్షణ సమితియు, దానికి ఏటేట కేటాయింపబడు నిధియు, ఎల్లరును పాటింపదగిన నియమావళియు వెలువడవలెను. ఆ సమితి మొదటి కార్యముగ భీముని కొలను మెట్లను ఒక్కొక్కటిగ పరీక్షించి, కదలినదానిని, పగిలినదానిని గుర్తించి, వానల కాలము రాకముందే బాగుచేయించినచో, ఇరువురు మంత్రులు కలిసి పూనిన పని యెట్లుండునో ఆ దారిని నడచు ప్రతి పాదమునకును తెలియగలదు.

ఇట్లు,
భవదీయుడు,
నల్లమల బాట నడచిన ఒక యాత్రికుడు